నాలుగో ర్యాంకు ఊళ్ళో నెలాఖరు

2018 ఆగస్టులో కేంద్రం ఈజ్ ఆఫ్ లివింగ్ అని, అంటే ఏ ఊళ్ళో బతకడం ఎంత సులువో చెప్పే ఒక లిస్టు వదిలింది, మన ఊరోళ్ళకి గుర్తుండే ఉంటాది. 111 నగరాలకి ర్యాంకులు. పూణే ఫస్టు, తర్వాత నవీ ముంబై, గ్రేటర్ ముంబై, నాలుగోది మన తిరుపతి. చండీగఢ్ మన వెనకాల ఐదులో, ఢిల్లీ ఎక్కడో 65లో, కోల్‌కతా అయితే అసలు ఈ ఆటలోకే మేం రాము పొమ్మంది. ఆ వారమంతా మా వాట్సాప్ గ్రూపుల్లో ఇదే గోల, గోపురం ఫోటో మీద ఇంత పెద్ద నాలుగు అంకె వేసి ఫార్వర్డ్ చేసిందే చేయడం. నేనూ చేశాను, ఊరి మీద మమకారం ఉంటుంది కదా ఎవరికైనా. తర్వాత ఒకరోజు తీరిగ్గా కూర్చుని ఆ ర్యాంకు ఎట్లా ఇచ్చారో చదివాను, అప్పట్నుంచి ఈ నగరాల ర్యాంకుల వ్యవహారం మీద నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడిపోయింది.

మొత్తం 100 మార్కులు. రోడ్లు, నీళ్ళు, డ్రైనేజీ, ఇళ్ళు, కరెంటు, పార్కులు, ఇట్లా కంటికి కనపడే వాటన్నిటికీ కలిపి 45. పాలనకి 25. చదువు, వైద్యం, భద్రత, సంస్కృతి ఇవన్నీ సామాజికం కింద 25. కూడితే 95 అయిపోయింది. ఆ మిగిలిన 5 ఆర్థికానికి. అంటే ఊళ్ళో పని దొరుకుతుందా, దొరికిన పనికి జీతం ఎంత, ఆ జీతంతో అక్కడ బతకొచ్చా, ఈ మొత్తం బతుకు గొడవకి నూటికి ఐదు మార్కులు! మా స్కూల్లో చేతిరాత బాగుంటే ఇంతకన్నా ఎక్కువే వేసేవాళ్ళు. ఆ లెక్కలో మన ఊరు సామాజికంలో దేశంలోనే ఫస్టు, పాలనలో నవీ ముంబై తర్వాత రెండోది. ఆర్థికంలో ఫస్టు వచ్చింది చండీగఢ్, అది మొత్తం మీద మనకన్నా కిందే ఉంది, ఎందుకంటే ఆ ఫస్టుకి విలువే లేదు కాబట్టి.

రెండోసారి లెక్క మార్చారు. 2020 సంవత్సరానిది, రిజల్టు 2021 మార్చిలో వచ్చింది. ఈసారి ఆర్థికానికి 15 ఇచ్చారు, అదీ కాక జనాన్ని నేరుగా అడిగిన సర్వేకి 30 పెట్టారు, దేశమంతా 32 లక్షల మందికి పైగా జవాబులు చెప్పారంట. ఊళ్ళని కూడా పది లక్షల పైన, పది లక్షల లోపు అని విడగొట్టారు. లోపు ఉన్న వాటిలో సిమ్లా ఫస్టు, మన రాష్ట్రం నించి కాకినాడ నాలుగు, పక్కనే ఉన్న వేలూరు ఆరు. తిరుపతి? టాప్ టెన్ లో లేదు. సరే పోనీ అనుకుంటే, అదే రోజు మున్సిపాలిటీల పనితీరు అని ఇంకో లిస్టు కూడా ఇచ్చారు, అందులో పది లక్షల లోపు ఊళ్ళల్లో న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్ ఫస్టు, తిరుపతి రెండు.

ఈ రెండు లిస్టులూ పక్కపక్కన పెట్టుకుని చూడండి ఒకసారి. మున్సిపాలిటీ పనితీరులో దేశంలో రెండోది, అదే ఊళ్ళో బతుకు మీద, జనం అభిప్రాయం మీద మార్కులు వేస్తే పదిలో చోటు లేదు. పద్ధతి మారింది కాబట్టి 2018తో పోల్చకూడదని పెద్దోళ్ళు అంటారు, నిజమే, పోల్చకూడదు, కానీ ఒకే రోజు వచ్చిన రెండు లిస్టుల్ని పోల్చొచ్చు కదా. నాకు అర్థమైంది ఏందంటే మున్సిపాలిటీ బాగుండడం వేరు, ఊరు బాగుండడం వేరు, మన దేశంలో నగరాల ఆరోగ్యం అని మనం కొలుస్తున్నదంతా చాలావరకు మొదటిదాన్నే. చెత్త బండి టైముకి వచ్చిందా, కెమెరాలు ఎన్ని పెట్టారు, పైపు ఎన్ని కిలోమీటర్లు వేశారు, ఇవి కొలవడం సులభం, ఆఫీసులో ఫైలు తెరిస్తే అంకె ఉంటుంది. ఆ ఊళ్ళో పనిచేసే మనిషికి నెలాఖరున చేతిలో ఏం మిగిలింది అనేదానికి ఏ ఫైలూ లేదు. నా వాదన అంతా దీని గురించే, నగరం ఆరోగ్యం చూడాలంటే ముందు ఆ నెలాఖరు చూడాలి.

మన ఊళ్ళోనే కొర్లగుంటలో నాకు బాగా తెలిసిన కుటుంబం ఒకటి ఉండేది, పేర్లొద్దులే. ఆయన బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో రూమ్ బాయ్, ఆమె రేణిగుంట పక్కన ఎలక్ట్రానిక్స్ కంపెనీలో లైన్ మీద పని, పొద్దున ఆరు లోపలే కంపెనీ బస్సు వచ్చి సందు చివర ఆగుతుంది. ఆయనకి పన్నెండు వేలు, సెలవుల్లో అయితే టిప్పులు బాగా వస్తాయి, పరీక్షల నెలల్లో ఏమీ ఉండవు. ఆమెకి చేతికొచ్చేది పదమూడు వేల చిల్లర. రెండు గదులు, మేడ మీద రేకుల షెడ్డు కలిపి అద్దె ఏడు వేలు, కరెంటు బిల్లు వేరే, తాగే నీళ్ళకి క్యాన్లు వేరే. ఇద్దరు పిల్లలు ప్రైవేటు స్కూలే, ఎందుకంటే సాయంత్రం ఏడు దాకా ట్యూషన్ పేరుతో పిల్లల్ని ఉంచుకునేది అక్కడే, ఈమె కంపెనీ నించి వచ్చేది అప్పుడే. పిల్లల చదువుకని ప్రభుత్వం వేసే తల్లికి వందనం డబ్బులు పడతాయి, పడిన రోజే ఫీజుకి పోతాయి. అత్తకి షుగరు, ఆపరేషన్ అయితే ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) చూస్తుంది గానీ నెలనెలా మాత్రలకీ టెస్టులకీ చేతి డబ్బే. ఒక చీటీ. గ్యాసు. ఆయన బండి పెట్రోలు. "ఏముండాది అన్నా, వచ్చేది కనపడతాది, పోయేది కనపడదు, జూన్ వస్తే మాత్రం గాజులు కుదవకి పోతాయి" అని నవ్వతా చెప్పింది ఆమె, నవ్వతానే.

ఇప్పుడు ఇదే ఇంటిని ర్యాంకులు ఇచ్చేవాళ్ళ కంటితో చూడండి. మరుగుదొడ్డి ఉందా, ఉంది. కుళాయి ఉందా, ఉంది, రోజు మార్చి రోజు వచ్చినా కుళాయి కుళాయే. కరెంటు ఉంది. దగ్గర్లో స్కూలు, ఉంది. పెద్దాసుపత్రి, రుయా ఉంది, స్విమ్స్ ఉంది, బర్డ్ ఉంది, ఇంత చిన్న ఊళ్ళో ఇన్ని ఆసుపత్రులు ఎక్కడ ఉంటాయి చెప్పండి. చెత్త రోజూ తీసుకుపోతారు. అన్నీ టిక్కులే. ఈ ఇల్లు తిరుపతి ర్యాంకుని పైకి లాగే ఇల్లు. ఆ గాజులు ప్రతి జూన్ లోనూ కుదవకొట్టు గడప ఎక్కుతున్న సంగతి ఏ గడిలోనూ పట్టదు.

తర్వాత ఏమైందో కూడా చెప్తా, అసలు సంగతి అక్కడుంది. ఓనరు అద్దె పెంచుతా అన్నాడు, పెంచడం కూడా కాదు, మేడ మీద రేకులు తీసేసి గదులు కట్టి బెడ్ల లెక్కన ఇస్తాడంట. ఆయన తప్పేం లేదు, ఒక కుటుంబం నించి ఏడు వేలొచ్చే చోట నలుగురు బ్యాచిలర్స్ ని పెడితే పన్నెండు వేలు వస్తుంది. మన ఊళ్ళో ఇల్లు అనేది ఇద్దరితో పోటీ పడాలి, ఒకటి చదువుకోవడానికి వచ్చే పిల్లలు, ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, కోచింగులు, వేలమంది, రెండు కొండకొచ్చే యాత్రికులు. బస్టాండ్, రైల్వే స్టేషన్ చుట్టూ సందుల్లో ఒకప్పుడు సంసారాలున్న ఇళ్ళు ఎన్ని లాడ్జీలైనాయో పాత తిరుపతోళ్ళని అడగండి, వేళ్ళ మీద లెక్క చెప్తారు. ఒక్క రాత్రికి గది ఇచ్చి సంపాదించే డబ్బుతో నెల అద్దె ఎట్లా పోటీ పడుతుంది? కాబట్టి వీళ్ళు అవిలాల వైపు పోయారు. అద్దె రెండు వేలు తగ్గింది, ఆయనకి పెట్రోలు పెరిగింది, కంపెనీ బస్సు పాయింటు దూరమైంది. ఆమెకి స్త్రీ శక్తి ఫ్రీ బస్సు పనికొచ్చేది ఆదివారం బజారుకి వచ్చేటప్పుడు. (ఆ పథకం మీద ఎన్ని జోకులేసినా సరే, ఊరి బయటికి తోసేసిన ఇంటికి మళ్ళీ ఊళ్ళోకి వచ్చే దారి ఖర్చు లేకుండా చేయడం చిన్న విషయం కాదని నేనంటాను, నగరానికి అది చేసే మేలు ఎల్ఈడీ ఫౌంటెన్ల కన్నా ఎక్కువ.)

అవిలాల పంచాయతీ. తిరుపతి రూరల్ మండలం. అంటే కార్పొరేషన్ హద్దు దాటేశారు వాళ్ళు. పని మాత్రం ఊళ్ళోనే, లాడ్జి ఊళ్ళోనే, పిల్లల స్కూలు ఊళ్ళోనే, కానీ లెక్క ప్రకారం వాళ్ళిప్పుడు తిరుపతి మనుషులు కారు. గమ్మత్తేందంటే వాళ్ళు పోవడం వల్ల కొర్లగుంట సగటు ఆదాయం పెరిగినట్టు కనపడుతుంది! ఆదాయం తక్కువున్న ఇల్లు హద్దు దాటితే నగరం సగటు బాగుపడుతుంది. ఎవరి జీతమూ పెరగకుండానే. అందుకే ఒక నగరం లెక్క దాని కార్పొరేషన్ గీత దగ్గర ఆపేస్తే అది ఎప్పుడూ అబద్ధమే చెప్తుంది. తిరుచానూరు ఒక పంచాయతీ, అమ్మవారి గుడి ఉన్న తిరుచానూరు! అది తిరుపతిలో లేదంటే ఎవరైనా నమ్ముతారా. గ్రేటర్ తిరుపతి అనే మాట ఎప్పట్నుంచో వింటున్నాం, అయితే అవుతుంది, కానీ గీత ఎంత దూరం జరిపినా ఆ గీత అవతలికి ఇంకొకరు పోతూనే ఉంటారు, అద్దె సంగతి తేలనంతవరకు.

దీనికి సరిగ్గా తలకిందులు కథ అమెరికాలో ఉంది. డెట్రాయిట్ అని కార్ల కంపెనీల ఊరు, 1950లో 18 లక్షల యాభై వేల జనం, 2010 నాటికి ఏడు లక్షల చిల్లర. అక్కడ డబ్బున్నోళ్ళు ముందు హద్దు దాటి శివార్లకి పోయారు, తర్వాత ఫ్యాక్టరీలు పోయాయి, పన్ను కట్టేవాడు లేక 2013 జూలైలో ఏకంగా నగరమే దివాలా పిటిషన్ వేసింది. ఆ దివాలా టైములో కూడా ఊరి బయట శివార్లు చూస్తే పచ్చగా ఉండేవి. అక్కడ లోపల పేదరికం మిగిలింది, ఇక్కడ పేదరికాన్ని బయటికి పంపుతున్నాం.

కానీ అమెరికావాళ్ళ దగ్గర ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. వాళ్ళకి పదేళ్ళకొకసారి జనాభా లెక్కలతో పాటు ఏడాదికొకసారి ఇంకో సర్వే ఉంది, అమెరికన్ కమ్యూనిటీ సర్వే అంటారు, 2005 నించి పూర్తిగా నడుస్తోంది. 65 వేల జనాభా దాటిన ప్రతి చోటుకీ ప్రతి ఏడూ అంకెలొస్తాయి. ఏం అడుగుతారంటే, నీ అద్దె ఎంత, నీ ఇంటి ఆదాయం ఎంత, పనికి పోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, దేంట్లో పోతావు. ఆదాయంలో 30 శాతం దాటి ఇంటికే పోతుంటే ఆ ఇంటికి బరువు ఎక్కువైందని అక్కడ లెక్క. అంటే చిన్న ఊరి మేయరు కూడా నా ఊళ్ళో ఇంతమందికి అద్దె బరువైపోయింది అని అంకె చూపించి మాట్లాడగలడు. మన తిరుపతి అక్కడుండుంటే ఏటా ఒక పెద్ద టేబుల్ వచ్చేది మన గురించి.

మన దగ్గర? చివరి జనాభా లెక్కలు 2011వి. అప్పుడు తిరుపతి కార్పొరేషన్ జనాభా 2,87,035. ఆ తర్వాత ఊరు ఎట్లా పెరిగిందో కళ్ళున్న ప్రతివాడికీ తెలుసు, కరకంబాడి రోడ్డు చూడండి, తుమ్మలగుంట చూడండి, కానీ కాగితం మీద మనం ఇంకా 2011లోనే ఉన్నాం. 2021వి కోవిడ్ లో పోయాయి, ఇప్పుడు 2027 మార్చి 1 తేదీ లెక్కన చేస్తారంట. ఉద్యోగాల సర్వే ఉంది, పీఎల్ఎఫ్ఎస్, కానీ దాని రిపోర్టులు రాష్ట్రం వరకే, అందులో పట్టణాలన్నీ కలిపి ఒక అంకె, విశాఖా తిరుపతీ పలమనేరూ అన్నీ ఒకే గంపలో. ఆ సర్వే చెప్పే ఒక్క విషయం మాత్రం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. 2023-24లో దేశంలో పల్లెల్లో పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో వందకి 47 మంది పైన పనిలోనో పని వెతుకులాటలోనో ఉంటే పట్టణాల్లో 28 మందే. పల్లెలో చేను పక్కనే ఉంటుంది, పిల్లోడిని చెట్టు కింద ఉయ్యాల్లో వేసి పని చేసుకుంటారు, కష్టమైనా సరే. పట్నంలో పని పదిహేను కిలోమీటర్ల అవతల, పిల్లల్ని చూసేవాళ్ళు లేరు, రాత్రి షిఫ్టుకి ఇంట్లో ఒప్పుకోరు. రేణిగుంట కంపెనీల బస్సుల్లో ఆడపిల్లలు కిక్కిరిసి పోవడం చూసి నాకు ఆనందంగానే ఉంటుంది, కానీ వాళ్ళలో పెళ్ళై పిల్లలున్నవాళ్ళు ఎంతమంది అని చూడండి, చాలా తక్కువ. కొర్లగుంటామెకి ఆ ట్యూషన్ మేడమ్ లేకపోతే ఆ ఉద్యోగమే లేదు. ఊరి ఆర్థిక వ్యవస్థలో ఒక ట్యూషన్ మేడమ్ పాత్ర ఎంతో ఏ సూచీ పట్టుకుంటుంది చెప్పండి.

ఇంక ఆసుపత్రుల సంగతి. తలసరి పడకల లెక్క వేస్తే తిరుపతి రారాజు. కానీ రుయా వార్డుల్లో ఒక గంట కూర్చుంటే ఆ రాచరికం అంతా దిగిపోతుంది, రాయచోటోళ్ళు, రాజంపేటోళ్ళు, వెంకటగిరోళ్ళు, మదనపల్లోళ్ళు, అరవం మాట్లాడే తిరుత్తణివాళ్ళు. పడకల అంకె కింద తిరుపతి జనాభా పెడితే ఎట్లా, సగం రాయలసీమ పెట్టాలి. భాగహారంలో కింద ఏ అంకె పెట్టావనే దాని మీదే ఊరి గొప్పతనం ఆధారపడి ఉంది. అదే భాగహారం రోడ్లకీ, నీళ్ళకీ, మరుగుదొడ్లకీ వేస్తే తలకిందులు. రోజుకి 60, 70 వేల మంది కొండకి పోతారు, వాళ్ళందరూ మన రోడ్ల మీదనించే పోవాలి, మన నీళ్ళే తాగాలి, వాళ్ళు వదిలిన ప్లాస్టిక్కు మన పారిశుద్ధ్య కార్మికులే ఎత్తాలి. 2011 లెక్కన ఊళ్ళో నలుగురుంటే ఇంకొకరు ఇవాళ దిగినోళ్ళు. ఆ ఒకరు మన జనాభాలో లేరు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చి బైరాగిపట్టెడ దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. తప్పెవరిది అనేదాని మీద విచారణలు, రాజకీయాలు అన్నీ నడిచాయి, నేను దాంట్లోకి పోను. నేననేది, ఒక ఊళ్ళో ఒక రాత్రి ఎంతమంది ఉంటారో లెక్కపెట్టి దానికి తగ్గట్టు పార్కూ గేటూ దారీ సిద్ధం చేసుకోగలగడం ఆ ఊరి ఆరోగ్యానికి పెద్ద పరీక్ష, దానికి మార్కుల్లేవు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే వస్తుంది. టీటీడీ బడ్జెట్ ఐదు వేల కోట్లు దాటింది. కింద ఊరు నడిపే కార్పొరేషన్ ది ఇంటి పన్నుల మీద, కుళాయి చార్జీల మీద, పైనించి వచ్చే గ్రాంట్ల మీద బతుకు. 2023లో టీటీడీ బోర్డు తన బడ్జెట్ లో ఒక శాతం తిరుపతి అభివృద్ధికి ఇద్దామని తీర్మానం చేస్తే ఎంత రచ్చ అయిందో చూశాం కదా. స్వామి సొమ్ము ఊరి రోడ్లకా అని ఒకవైపు, స్వామి కోసం వచ్చేవాళ్ళ బరువు మోసేది ఊరే కదా అని ఇంకోవైపు. భక్తులు హుండీలో వేసిన డబ్బు మీద నాకూ భయభక్తులున్నాయి, ఎవరికి పడితే వాళ్ళకి ఖర్చు పెట్టుకునే దారి తెరవకూడదు, ఒప్పుకుంటా. కానీ శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ కి టీటీడీ, స్మార్ట్ సిటీ కలిసి డబ్బు పెట్టినప్పుడు ఇదే వాదన ఇంత గట్టిగా వినపడలేదు. సిమెంటుకి ఇస్తే అభివృద్ధి, చీపురు పట్టే మనిషికి ఇస్తే దుబారానా?

చీపురు పట్టే మనిషి అంటే గుర్తొచ్చింది. 2023 డిసెంబర్ చివర రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మె చేశారు, సంక్రాంతి ముందు దాకా. 15 వేల జీతం, ఆరోగ్య అలవెన్సు 6 వేలు, కలిపితే 21 వేలు, దాని మీద వాళ్ళు అడిగింది సమాన పనికి సమాన వేతనం, పర్మినెంటు. ఊళ్ళ శుభ్రతకి ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ లో మనకి మంచి ర్యాంకు వచ్చినప్పుడల్లా స్టేజీ మీద అవార్డు తీసుకునేది ఎవరు, ఆ ర్యాంకు తెచ్చింది ఎవరు అనేది ఆ పది పదిహేను రోజుల్లో సందు సందునా కుప్పలు చెప్పాయి. ఒక నగరంలో అందరికన్నా అవసరమైన పని చేసేవాడు ఆ నగరంలోనే ఇల్లు తీసుకుని ఉండగలడా? నేను ఒక్క ప్రశ్నే అడగమంటే నగరాన్ని ఇదే అడుగుతా.

పాలనలో దేశంలో రెండో ర్యాంకు అని పైన చెప్పా కదా, దాని గురించి ఒక చిన్న ముక్క. తిరుపతి కార్పొరేషన్ అయింది 2007లో. కార్పొరేషన్ కి మొట్టమొదటి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే 2018లో మనకి ఆ ర్యాంకు ఇచ్చిన రోజున ఊళ్ళో ఒక్క కార్పొరేటర్ కూడా లేడు, మేయర్ లేడు, ప్రత్యేకాధికారి పాలన. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి, పట్టణాలకి పద్దెనిమిది పనులు అప్పజెప్పొచ్చు, ఐదేళ్ళకోసారి ఎన్నికలు మాత్రం పెట్టాలి అని రాసి పెట్టింది. ఎన్నుకున్న మనిషే లేకుండా పాలనలో సిల్వర్ మెడల్! నవ్వాలో ఏడవాలో. కొందరంటారు, ఆఫీసర్లు ఉంటేనే పని బాగా జరుగుతుంది, కార్పొరేటర్లు వస్తే కమీషన్ల గోల అని. ఉండొచ్చు, ఆ గోల నేనూ చూశా. కానీ కుళాయి రాకపోతే జీవకోనలో ఉండే మనిషి పోయి గొడవ పెట్టుకోవడానికి ఒక గుమ్మం కావాలి, కమిషనర్ బంగళా ఆ గుమ్మం కాదు. పైగా మన దేశంలో మున్సిపాలిటీలన్నీ కలిపి చేతిలో ఉన్న డబ్బు దేశ జీడీపీలో ఒక శాతం దగ్గరే ఏళ్ళ తరబడి ఆగిపోయిందని రిజర్వ్ బ్యాంకే 2022లో రాసింది. ఇంత బక్కచిక్కిన మున్సిపాలిటీలకి ర్యాంకులిచ్చి అదే నగరం ర్యాంకు అంటే, ఊళ్ళో జరిగే మిగతా తొంభైతొమ్మిది విషయాలు ఎవరు చూసినట్టు?

ఇంతా తిరుపతి గురించే మాట్లాడుతున్నా, మా అమ్మగారి ఊరు చిత్తూరు, దాని గురించి రెండు మాటలు. ఆ 111లో చిత్తూరు లేదు, కాబట్టి దానికి జబ్బూ లేదు ఆరోగ్యమూ లేదు. చిత్తూరు బజారు వీధి నాడి పట్టుకోవాలంటే మున్సిపాలిటీ ఆఫీసుకి పోవక్కర్లేదు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్ల క్యూ చూడాలి. 2025 సీజన్లో తోతాపురికి రేటు లేదు, ఫ్యాక్టరీలు ఎనిమిది రూపాయలివ్వాలి, ప్రభుత్వం కిలోకి నాలుగు రూపాయలు కలుపుతుంది, మొత్తం పన్నెండు అన్నారు, ఆ ఎనిమిది కోసం కూడా రాత్రుళ్ళు ట్రాక్టర్ మీదే పడుకున్న రైతులున్నారు. ఆ ఏడు శ్రావణమాసంలో బట్టల కొట్టోళ్ళ మొహాలు చూస్తే సీజన్ ఎట్లా పోయిందో తెలిసిపోయింది. పాడి సంగతీ అంతే, విజయ డెయిరీ 2002లో మూతపడ్డాక రెండు దశాబ్దాలు ఆ గేటుకి తాళం, 2023లో అమూల్ పేరుతో భూమిపూజ. చిత్తూరు లాంటి ఊరికి పల్లె పచ్చగా లేకపోతే పట్నం కళ ఉండదు, మరి దాని ఆరోగ్యాన్ని దాని హద్దుల్లోపల పైపుల లెక్కతో ఎట్లా చెప్తారు. డిగ్రీ అయిన పిల్లోళ్ళు పొద్దున్నే బెంగుళూరు బస్సెక్కుతారు, చెన్నై ఇంకొంతమంది, వేలూరు ఆసుపత్రుల్లో నర్సులుగా ఇంకొంతమంది. పోవడం తప్పని నేననను, పోయినోళ్ళు పంపే డబ్బుతోనే ఇక్కడ మేడలు లేస్తున్నాయి. కానీ ఒక ఊరు పాతికేళ్ళ పిల్లల్ని ఎంతమందిని నిలబెట్టుకోగలుగుతోంది అనేది కొలవదగ్గ విషయమా కాదా?

నా మాటలు విని మా ఫ్రెండు ఒకడు, కలెక్టరాఫీసులో పనిచేస్తాడులే, "నువ్వు చెప్పేవన్నీ కొలవడం కుదరదబ్బా, జీతం ఎంతంటే ఎవుడు నిజం చెప్తాడు, టిప్పులు ఎవుడు రాసుకుంటాడు" అన్నాడు. సగం నిజం. జీతం చెప్పరు. కానీ అద్దె చెప్తారు, అద్దె గురించి అయితే అడగకుండానే చెప్తారు, ఓనర్ని తిట్టుకుంటా మరీ చెప్తారు. ఖర్చు చెప్తారు. పోయిన ఏడాది నగలు కుదవ పెట్టారా అంటే సిగ్గుపడతా అయినా చెప్తారు. ఇల్లు ఎందుకు మారారు, ఎక్కడ్నించి మారారు అంటే కథంతా చెప్తారు. జీతం తెలియకపోయినా ఈ నాలుగు తెలిస్తే నెలాఖరు ఎట్లా ఉందో తెలిసిపోతుంది. అంత పెద్ద ఖర్చు కూడా కాదు. తిరుపతిలో యాభై డివిజన్లు, చుట్టూ ఒక పది పంచాయతీలు వేసుకుందాం. ఎస్వీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఉంది, స్టాటిస్టిక్స్ ఉంది, పద్మావతి మహిళా యూనివర్సిటీలో సోషల్ వర్క్ ఉంది, ఏర్పేడులో ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది. ప్రాజెక్టు కోసం పాత రిపోర్టులు తిరగరాసే పిల్లలకి ఇది ఇచ్చి, డివిజన్ కి వంద ఇళ్ళు, ఏటా అవే ఇళ్ళు, మారిపోయినోళ్ళు ఎక్కడికి పోయారో ఫోను చేసి కనుక్కోవాలి. ఆ మారిపోయినోళ్ళ లెక్కే నాకు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే మన లెక్కల్లోంచి జారిపోతున్నది వాళ్ళే. 2021 నవంబర్ వానలకి నీళ్ళల్లో మునిగిన కాలనీల్లోంచి ఎంతమంది ఖాళీ చేసి పోయారు, ఎవరొచ్చారు ఆ ఇళ్ళలోకి, ఎంత అద్దెకి, ఇవాళ్టికీ ఎవరి దగ్గరా లేదు.

ఇది రాష్ట్రమంతా చేస్తే ర్యాంకులు తారుమారవుతాయి, అదే అసలు అడ్డం. స్మార్ట్ సిటీ మిషన్ 2015లో మొదలై 2025 మార్చితో ముగిసిపోయింది, తిరుపతి 2016 సెప్టెంబర్ లిస్టులో చేరింది, ఇన్నేళ్ళలో ఎన్ని డాష్ బోర్డులు, ఎన్ని కమాండ్ కంట్రోల్ రూములు వచ్చాయి. గోడంత తెర మీద ఏ సర్కిల్లో ఎన్ని బండ్లు ఆగున్నాయో కనపడుతుంది. బాగుంది, ఉండాల్సిందే. ఆ తెర మీద ఒక మూల కొర్లగుంటలో ఈ నెల సగటు అద్దె ఇంత అని చూపించడానికి కెమెరా కూడా అక్కర్లేదు.

జనాభా లెక్కలు వస్తున్నాయి కదా, దాంట్లో అన్నీ తెలుస్తాయిలే అనుకునేవాళ్ళకి ఒక మాట. ఇళ్ళ లెక్కకి 2020లో ప్రకటించిన ప్రశ్నలు నేను చదివాను. గోడ దేంతో కట్టారు, నేల ఏంది, గదులెన్ని, నీళ్ళు ఎక్కడ్నించి, వంట దేని మీద, టీవీ ఉందా, ఇంటర్నెట్ ఉందా, చివరికి ఇంట్లో తినే ముఖ్య ధాన్యం ఏంది అని కూడా ఉంది. ఇల్లు సొంతమా అద్దెదా అని ఉంది. అద్దెది అంటే, ఎంత అని మాత్రం లేదు.